ఎప్పుడో శిక్ష పడినవాడు ఇప్పుడు జింకల వేటకు వెళ్ళొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మూడు అమెరికా నుంచి, ఒకటి మన దగ్గర్నుంచే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు పెట్టి, పేజీ అంతా దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: నేను పెన్సిల్వేనియాలో హెచ్-1బి మీద పనిచేస్తున్నాను. ఇక్కడ నవంబరు చివర జింకల సీజన్ మొదలైతే మా ప్లాంటు సగం ఖాళీ అయిపోతుంది. నేనూ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి, లైసెన్స్ తీసుకుని, ఒక రైఫిల్ కొనుక్కున్నాను. మా దగ్గర మెయింటెనెన్స్ చూసే ఒక పెద్దాయన ఉన్నాడు. నాకు మంచులో కారు నడపడం నేర్పింది ఆయనే, మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చిందీ ఆయనే. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో వేటకు వెళ్ళేవాడట. పాతికేళ్ళ కిందట ఏదో చెల్లని చెక్కుల కేసులో శిక్ష పడిందనీ, జైలుకు వెళ్ళలేదు గానీ అప్పటినుంచీ తుపాకీ ముట్టుకోకూడదనీ చెప్పాడు. ఈసారి "ఒక్కరోజు నీ రైఫిల్ ఇస్తావా, నువ్వూ పక్కనే ఉంటావుగా" అని అడిగాడు. మా ఆవిడ వద్దంటోంది. నాకు కాదనడానికి నోరు రావడం లేదు. ఇవ్వొచ్చా? అసలు ఇలాంటి మనిషిని ఆపడం న్యాయమేనా?

జవాబు: ఇవ్వొద్దు. మీ ఆవిడ చెప్పిందే సరైన మాట. ఒక్కరోజు కాదు, మీరు పక్కనే నిలబడి ఉన్నా ఐదు నిమిషాలు కూడా ఇవ్వొద్దు.

అమెరికా ఫెడరల్ చట్టం, అంటే 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం ప్రకారం, ఏడాదికి మించి జైలు వేయగలిగిన నేరంలో దోషిగా తేలినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. జడ్జి వాళ్ళకు ఎంత శిక్ష వేశాడు అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఎంత వేయగలిగేవాడు అన్నదే లెక్క. ప్రొబేషన్‌తో (జైలుకు బదులు కోర్టు నిఘాలో బయటే ఉండటం) బయటపడినవాడూ, పదేళ్ళు లోపల ఉండి వచ్చినవాడూ చట్టం ముందు ఒకటే. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రాష్ట్ర చట్టంలో మిస్‌డిమీనర్ (చిన్న నేరం) అని రాసి ఉండి, గరిష్ఠ శిక్ష రెండేళ్ళు మించకపోతే అది ఈ నిషేధం కిందికి రాదు. కంపెనీలు కుమ్మక్కై ధరలు పెంచడం లాంటి వ్యాపార నేరాలు కూడా రావు. (కోట్ల డాలర్లు దోచిన కంపెనీ అధికారికి ఒకోసారి రైఫిల్ ఉండొచ్చు గానీ చెల్లని చెక్కు రాసినవాడికి ఉండకూడదు. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.)

"ముట్టుకోవడం" విషయంలో కూడా చట్టం గట్టిగానే ఉంటుంది. తుపాకీ తన పేరు మీద ఉండాల్సిన పని లేదు, కాసేపు చేతిలో ఉన్నా చాలు. కోటు జేబులో మర్చిపోయిన ఒక్క తూటా దొరికినా కేసే. శిక్ష ఇదివరకు గరిష్ఠంగా పదేళ్ళుండేది, 2022లో దాన్ని 15 ఏళ్ళకు పెంచారు. ఆయన శిక్ష సంగతి తెలిసి తుపాకీ చేతికిచ్చినవాళ్ళకూ అంతే. ఆ సంగతి మీకు ఆయనే చెప్పాడు, మీరు నాకు రాశారు కూడా. "నాకు తెలియదండీ" అనే దారి మీకు మూసుకుపోయింది.

ఇంకో మాట, ఇది మీ ఒక్కరికే కాదు, అక్కడున్న మన పిల్లలందరికీ. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకు తుపాకీ ఉండకూడదన్నదే అసలు నియమం. అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు దొరుకుతుంది, మీరు రైఫిల్ కొనగలిగింది దాని వల్లే. ఆ లైసెన్స్ గడువు అయిపోయిన మర్నాడు అదే రైఫిల్ మీ ఇంట్లో ఉంటే ఏమవుతుందో ఒకసారి ఆలోచించండి. సరదాగా షూటింగ్ రేంజికి వెళ్ళి, అద్దె తుపాకీ పట్టుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెట్టే స్టూడెంట్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. ఫ్లోరిడాలో చదువుకోవడానికి యూఏఈ నుంచి వచ్చిన రెహాయిఫ్ అనే విద్యార్థిని మార్కులు రాలేదని యూనివర్సిటీ తీసేసింది, దాంతో స్టేటస్ పోయింది, ఆ తర్వాత రేంజికి వెళ్ళి కాల్చినందుకు ఫెడరల్ కేసు పడింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నిషేధం ఉన్న కోవలో తాను ఉన్నానని నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని 2019లో కోర్టు చెప్పింది. అంతదూరం వెళ్ళే ఓపికా డబ్బూ ఎంతమందికి ఉంటాయి? పైగా తుపాకీ కేసులో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళను కూడా దేశం నుంచి పంపించేయొచ్చు.

మరి ఆ పెద్దాయన అడవికి వెళ్ళలేడా అంటే, వెళ్ళగలడు. చాలామందికి తెలియని సంగతి ఇది. ఫెడరల్ చట్టం ఆపింది తుపాకీని, వేటను కాదు. విల్లు, బాణం, క్రాస్‌బో (మీట నొక్కి బాణం వదిలే విల్లు) ఆ చట్టం దృష్టిలో తుపాకులు కావు. పెన్సిల్వేనియాలో బాణంతో జింకల వేటకు వేరే సీజన్ ఉంది, రైఫిల్ సీజన్ కంటే చాలా ముందే, శరత్కాలంలోనే మొదలవుతుంది, అందులో క్రాస్‌బో కూడా వాడొచ్చు. మామూలు హంటింగ్ లైసెన్స్‌కి తోడు ఆర్చరీ లైసెన్స్ తీసుకోవాలి, అంతే. ఆయన ఇప్పుడు ప్రొబేషన్‌లోనో పెరోల్‌లోనో ఉంటే మాత్రం షరతుల్లో ఏ ఆయుధమూ ఉండకూడదని రాసి ఉండొచ్చు, మీ పెద్దాయన విషయంలో అదెప్పుడో అయిపోయినట్టుంది.

గొట్టం ముందునుంచి మందు దట్టించి కాల్చే మజిల్‌లోడర్ గురించి కూడా ఎవరో ఒకరు ఆయనకు చెప్పే ఉంటారు. ఫెడరల్ చట్టంలో 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన తుపాకులూ, తూటా వేయడానికి వీల్లేని నల్లమందు మజిల్‌లోడర్లూ నిషేధంలోకి రావు. కానీ దుకాణంలో మజిల్‌లోడర్ అని అమ్మేవన్నీ ఈ కోవలోకి రావు. గొట్టం మారిస్తే మామూలు తూటా పేల్చగలిగేదైతే అది తుపాకీయే. పైగా ఫెడరల్ చట్టం వదిలేసినదాన్ని రాష్ట్ర చట్టం పట్టుకోవచ్చు, మీ పెన్సిల్వేనియా చట్టంలో తుపాకీకి ఇచ్చిన అర్థం ఇంకా విశాలం. వకీలును అడక్కుండా ఆ దారి పట్టొద్దనే చెప్పండి. బాణం దారిలో ఈ తలనొప్పి లేదు.

ఇక మీ రెండో ప్రశ్న, న్యాయమేనా అని. ఆయన విషయంలో న్యాయం కాదు. నేనిది ఊరికే జాలితో అనడం లేదు, మీ రాష్ట్రంలోనే జరిగిన ఒక కేసు చూసి అంటున్నాను.

బ్రయన్ రేంజ్ అని పెన్సిల్వేనియా మనిషి. 1990లలో గడ్డి కోసే పని చేసేవాడు, గంటకు తొమ్మిది, తొమ్మిదిన్నర డాలర్లు, వారానికి 300 డాలర్ల దాకా వచ్చేవి. భార్య, ముగ్గురు చిన్నపిల్లలు. ఫుడ్ స్టాంపుల (పేదలకు తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం) దరఖాస్తులో ఆదాయం పూర్తిగా చూపించలేదు. 1995లో తప్పు ఒప్పుకున్నాడు. ప్రొబేషన్ మూడేళ్ళు, తిరిగి కట్టాల్సింది 2,458 డాలర్లు, వంద డాలర్ల జరిమానా, కోర్టు ఖర్చులు. ఒక్కరోజు కూడా జైల్లో లేడు. ఆ నేరం పేరుకు ఫెలనీ (పెద్ద నేరం) కూడా కాదు, రాష్ట్రం లెక్కలో మిస్‌డిమీనరే. కానీ దానికి ఐదేళ్ళ దాకా వేయొచ్చు కాబట్టి ఫెడరల్ నిషేధం కిందికి వచ్చింది. 1998లో తుపాకీ కొనబోతే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఆగిపోయింది, ఏదో కంప్యూటర్ పొరపాటు అనుకున్నారు, తర్వాత భార్యే ఆయనకు ఒక జింకల రైఫిల్ కొనిచ్చింది. చాలా ఏళ్ళకు గానీ అసలు కారణం తెలియలేదు. తెలిశాక ఏం చేశాడు? ఆ రైఫిల్‌ను డీలరుకు అమ్మేశాడు. ఆ పాతికేళ్ళలో ఆయన మీద ఉన్నవల్లా ట్రాఫిక్, పార్కింగ్ చలాన్లు, లైసెన్స్ లేకుండా చేపలు పట్టాడని ఒక చిన్న కేసు.

2020లో ఆయన కోర్టుకెళ్ళాడు. కింది కోర్టులో ఓడిపోయాడు. కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు, థర్డ్ సర్క్యూట్, జడ్జీలందరూ కూర్చుని 2023లో ఆయన వైపు తీర్పు చెప్పారు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళితే, అప్పుడే వచ్చిన ఇంకో తీర్పు వెలుగులో మళ్ళీ చూడమని వెనక్కి పంపింది, 2024 డిసెంబరులో మళ్ళీ ఆయనే గెలిచాడు, 13 మంది ఇటు, ఇద్దరు అటు. ఇల్లు కాపాడుకోవడానికి ఒక షాట్‌గన్ కొనుక్కుంటాను, జింకల వేటకు ఒక రైఫిల్ కావాలి, అంతే ఆయన అడిగింది.

నాకు ఈ కేసులో మనసుకు పట్టింది ఇది: ముగ్గురు పిల్లలకు తిండి చాలక చేసిన తప్పు. ఆ ప్రాంతంలో ఒక జింక దొరికితే పేద ఇంటికి చలికాలమంతా ఫ్రీజర్‌లో మాంసం ఉంటుంది. ఆకలికి చేసిన తప్పుకు శిక్షగా, కూడు తెచ్చుకునే ఒక దారిని జన్మంతా మూసేశారు. డబ్బు తిరిగి కట్టాడు, ప్రొబేషన్ పూర్తి చేశాడు, మూసిన తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆ తలుపు వెనక ఎవరి భద్రత ఉందో నాకు కనపడదు.

మీ పెద్దాయనది చెక్కుల కేసు కాబట్టి ఈ తీర్పు ఆయనకు పనికిరావచ్చు. పెన్సిల్వేనియా ఆ కోర్టు కిందే ఉంది, న్యూజెర్సీ, డెలావేర్ కూడా. కానీ జాగ్రత్త, తీర్పు రేంజ్ ఒక్కడి పరిస్థితుల మీద ఇచ్చింది, అలాంటి కేసులందరికీ దానంతట అది వర్తించదు. ముందు కోర్టుకెళ్ళాలి, ఆ తర్వాతే తుపాకీ. లేదంటే గవర్నరు క్షమాభిక్షకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రాష్ట్రంలో పడిన శిక్షకు పూర్తి క్షమాభిక్ష వస్తే, అందులో తుపాకుల గురించి షరతు పెట్టకపోతే, ఫెడరల్ నిషేధం కూడా పోతుంది. ఆయనతో కూర్చుని ఈ మాటలు చెప్పండి, ఒక వకీలు దగ్గరికి తోడు వెళ్ళండి. ఆయన మీకు చేసినదానికి మీరు చేయగలిగిన సాయం అదీ.

ప్రశ్న: డాలస్ దగ్గర మా అన్నయ్య గ్యాస్ స్టేషన్ నడుపుతాడు. మూడేళ్ళ కిందట రాత్రిపూట ఒకడు తుపాకీ పెట్టి క్యాష్ పట్టుకుపోయాడు. అన్నయ్య భుజానికి గాయమైంది, ఇప్పటికీ చెయ్యి పూర్తిగా పైకి లేవదు. దొరికినవాడికి అప్పటికే పాత శిక్షలున్నాయని పోలీసులు చెప్పారు. మొన్న మా ఇంట్లో ఒకాయన "శిక్ష పడినవాళ్ళకూ హంటింగ్ లైసెన్స్ ఇస్తారు" అంటే నాకు ఒళ్ళు మండింది. ఇలాంటివాళ్ళకు వేట ఏమిటి, లైసెన్స్ ఏమిటి? మీరు వాళ్ళనూ సమర్థిస్తారా?

జవాబు: అమ్మా, మీ అన్నయ్యకు జరిగినదాన్ని తేలిగ్గా తీసుకునే మాట ఒక్కటి కూడా నేను రాయను. తుపాకీ చూపించి దోచినవాడికి, మనిషిని గాయపరిచినవాడికి, భార్యను కొట్టినవాడికి మళ్ళీ తుపాకీ ఇవ్వకూడదన్నదే నా అభిప్రాయం. వాళ్ళు వేట అంటే ఎంత ఇష్టమని చెప్పినా సరే. జింకను పడగొట్టే రైఫిల్ మనిషినీ పడగొడుతుంది, దానికి తేడా తెలియదు.

ముందు లైసెన్స్ సంగతి. మీ ఇంటికొచ్చినాయన చెప్పింది చాలావరకు నిజమే, కానీ సగమే చెప్పాడు. హంటింగ్ లైసెన్స్ అంటే ఫలానా సీజన్‌లో ఫలానా జంతువును వేటాడొచ్చని వన్యప్రాణి శాఖ ఇచ్చే అనుమతి. తుపాకీ పట్టుకునే హక్కు అది ఇవ్వదు. టెక్సాస్‌లో శిక్ష పడినవాడు లైసెన్స్ కొనుక్కుని బాణంతో వేటకు వెళ్ళొచ్చు, అదే లైసెన్స్ జేబులో పెట్టుకుని రైఫిల్ పట్టుకుంటే అరెస్టవుతాడు. నిజానికి హంటింగ్ లైసెన్స్ రద్దయ్యేది ఎక్కువగా దొంగవేటలకు. ఒక రాష్ట్రంలో అలా రద్దయితే దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లకుండా చేసే ఒప్పందం కూడా రాష్ట్రాల మధ్య ఉంది.

టెక్సాస్‌లోనే మనుషుల్ని చిక్కుల్లో పడేసే నియమం ఇంకొకటి ఉంది. జైలు నుంచి గానీ ప్రొబేషన్, పెరోల్ నుంచి గానీ బయటపడి ఐదేళ్ళు దాటితే, సొంత ఇంట్లో తుపాకీ పెట్టుకున్నా రాష్ట్ర చట్టం ఏమీ అనదు. దాన్ని నమ్ముకుని ఇంట్లో పెట్టుకున్నవాడిని ఫెడరల్ అధికారులు పట్టుకెళ్ళొచ్చు, ఎందుకంటే ఫెడరల్ చట్టంలో ఆ ఐదేళ్ళ మాటే లేదు. టెక్సాస్ పెట్టిన ఆ ఐదేళ్ళు నేరం చేసినవాడి ప్రవర్తన చూసి పెట్టిన గడువూ కాదు, హింస చేశాడా లేదా అని అడిగే నియమమూ కాదు. నాకు ఇదీ నచ్చదు, మీ అన్నయ్యను గాయపరిచినలాంటివాడికి కూడా ఆ ఐదేళ్ళ సడలింపు దొరుకుతుంది కాబట్టి.

ఇప్పుడు మీతో నేను కాస్త విభేదించే చోటు. "ఇలాంటివాళ్ళు" అని మీరన్న మాటలో తుపాకీ పెట్టినవాడూ, ఫుడ్ స్టాంపుల ఫారం తప్పుగా నింపినవాడూ కలిసిపోతున్నారు. చట్టం కూడా అదే చేస్తోంది. మొదట్లో అలా లేదు. 1938లో చేసిన ఫెడరల్ చట్టం ఆపింది హింసాత్మక నేరాలు చేసినవాళ్ళనే. 1961లో దాన్ని పెద్ద నేరాలన్నిటికీ విస్తరించారు, 1968లో ఇప్పుడున్న రూపానికి తెచ్చారు. ఎమీ కోనీ బారెట్ సుప్రీంకోర్టుకు రాకముందు, 2019లో, అప్పీళ్ళ కోర్టు జడ్జిగా ఒక భిన్నాభిప్రాయం రాశారు. బూట్లలో వేసే మెడికల్ ఇన్‌సోల్స్ విషయంలో మోసం చేసి శిక్షపడిన రికీ కాంటర్ కేసు అది. ప్రమాదకరమైన మనుషుల దగ్గర్నుంచి ఆయుధం తీసేసే అధికారం ప్రభుత్వానికి ఉంది, ఫెలన్ అనే ఒక్క కారణంతో తీసేసే అధికారం చరిత్రలో కనపడదు అన్నది ఆమె వాదన. ఆ కేసులో కాంటర్ ఓడిపోయాడు, మిగతా ఇద్దరు జడ్జీలు ఒప్పుకోలేదు. ఇప్పటికీ కోర్టులు ఒక మాట మీద లేవు. ఎయిత్ సర్క్యూట్, నైన్త్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టులు ఈ నిషేధాన్ని మనిషి మనిషికీ విడిగా చూడక్కర్లేదన్నాయి. ఒకే నేరానికి ఫిలడెల్ఫియాలో ఒక న్యాయం, లాస్ ఏంజెలస్‌లో ఇంకో న్యాయం.

ప్రమాదం ఉన్నచోట కోర్టులు మెత్తబడతాయని భయపడకండి. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు రహీమీ కేసులో, అది మీ టెక్సాస్ నుంచి వెళ్ళిందే, గృహహింస ఉత్తర్వు ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉండకూడదన్న చట్టాన్ని 8-1తో నిలబెట్టింది. 1996 నుంచి గృహహింసలో చిన్న శిక్ష పడినా తుపాకీ నిషేధమే. ఈ రెండూ నాకు పూర్తిగా సమ్మతం. హింసకు ఏ పేరు పెట్టినా, ఎంత చిన్న కేసుగా నమోదైనా, అక్కడ గీత గీయాలి.

మిగతావాళ్ళకు ఏం చేయాలి? నేను నార్త్ కరోలినా వైపు చూస్తాను. బార్నీ బ్రిట్ అనే ఆయనకు 1979లో మత్తుమాత్రలు అమ్మడానికి దగ్గర పెట్టుకున్నాడని శిక్ష పడింది. 1987లో హక్కులన్నీ తిరిగొచ్చాయి, తుపాకీ హక్కుతో సహా. 1995లో ఆ రాష్ట్రం శిక్ష పడినవాళ్ళకు పిస్టళ్ళను నిషేధించింది గానీ వేట తుపాకుల జోలికి పోలేదు. 2004లో అవీ తీసేసింది. బ్రిట్ తన వేట రైఫిళ్ళు, షాట్‌గన్లు తనంతట తాను వదులుకుని కోర్టుకెళ్ళాడు. 2009లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, ఇన్నేళ్ళు ఏ గొడవా లేకుండా బతికిన మనిషి నుంచి ఇలా లాక్కోవడం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. ఆ తర్వాత ఆ రాష్ట్రంలో హింసలేని నేరం ఒక్కటే ఉన్నవాళ్ళు ఇరవై ఏళ్ళ తర్వాత కోర్టులో అర్జీ పెట్టుకునే దారి ఏర్పడింది. ఇరవై ఏళ్ళు మరీ ఎక్కువ అనుకుంటాను, పదేళ్ళు చాలు. కానీ పద్ధతి సరైనది: గడువు ఉంది, నేరం ఏమిటో చూస్తారు, మనిషిని జడ్జి ముందు నిలబెట్టి అడుగుతారు, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోవచ్చు. మొదట రైఫిల్, షాట్‌గన్ లాంటి పొడవాటి వేట తుపాకులకే అనుమతి ఇవ్వొచ్చు, నడుముకు దోపుకునే పిస్టల్ అక్కర్లేదు.

ఫెడరల్ చట్టంలోనూ ఇలా అర్జీ పెట్టుకునే సెక్షన్ ఒకటి ఎప్పటినుంచో ఉంది. 1992లో కాంగ్రెస్ ఆ అర్జీలు చూడటానికి డబ్బు ఇవ్వడం ఆపేసింది, ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ సెక్షన్ పుస్తకంలోనే ఉండిపోయింది. ఒక్క అర్జీలో పొరపాటు జరిగినా అమాయకుల ప్రాణాలు పోతాయన్న భయం అప్పుడు కాంగ్రెస్‌కు ఉంది, అది ఉత్తుత్తి భయం కాదు, మీ ఉత్తరం చదివాక ఆ మాట ఇంకా గట్టిగా అంటాను. అయితే భయపడి అందరికీ తలుపు వేసేయడం వేరు, జాగ్రత్తగా ఒక్కొక్కరిని చూడటం వేరు. 2025లో న్యాయశాఖ ఆ అధికారాన్ని మళ్ళీ తన చేతిలోకి తీసుకుని కొత్త నిబంధనల ముసాయిదా ప్రకటించింది. హింసాత్మక నేరాలు చేసినవాళ్ళు, లైంగిక నేరాల రిజిస్టర్‌లో ఉన్నవాళ్ళు మామూలుగా అర్హులు కారని అందులో ఉంది. దాన్ని ఎంత నిజాయితీగా అమలు చేస్తారన్నదాని మీదే మీ భయం తగ్గడమూ, మొదటి ఉత్తరంలోని పెద్దాయన ఆశ నిలవడమూ ఆధారపడి ఉన్నాయి.

ప్రశ్న: రాజమహేంద్రవరం నుంచి రాస్తున్నాను. మన దగ్గర జింకను కొడితే జైలు. అక్కడ శిక్ష పడినవాడికి కూడా వేట హక్కు ఉందా లేదా అని చర్చ! మన చట్టం ఏమంటుందో చెప్పండి.

జవాబు: మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయింది. మనుషులకు ప్రమాదమైన జంతువునో, పంట పాడుచేసే జంతువునో చంపాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. అమెరికాలో వేట వన్యప్రాణి నిర్వహణలో భాగం. సీజన్, ఎన్ని కొట్టొచ్చు, ఆడదా మగదా అన్నీ రాష్ట్రమే నిర్ణయిస్తుంది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం వేట తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకు వెళుతుంది, తర్వాత విల్లు బాణాలనూ ఇందులో చేర్చారు. వెర్మాంట్ అయితే 1777 నాటి రాజ్యాంగంలోనే వేట స్వేచ్ఛను రాసుకుంది. అందుకే అక్కడ దాన్ని పోగొట్టుకోవడం అంత బాధగా ఉంటుంది.

తుపాకీ విషయంలో మన 1959 ఆయుధాల చట్టం తొమ్మిదో సెక్షన్ చదవండి. హింస గానీ నైతిక పతనం గానీ ఉన్న నేరంలో జైలుశిక్ష పడినవాడికి, ఆ శిక్ష ముగిశాక ఐదేళ్ళ దాకా ఆయుధం ఉండకూడదు. అంటే మన చట్టం నేరం ఎలాంటిదో చూస్తుంది, గడువూ పెడుతుంది. అలాగని ఐదేళ్ళు దాటగానే తుపాకీ చేతికొస్తుందని కాదు. మన దగ్గర తుపాకీ హక్కు కాదు, ఏ కేసూ లేనివాడికే లైసెన్స్ రావడం కష్టం, పోలీసు రిపోర్టు, అధికారి నిర్ణయం అన్నీ దాటాలి. తుపాకీ హక్కని రాజ్యాంగంలో రాసుకున్న దేశం జన్మంతా నిషేధిస్తోంది, హక్కు కాదన్న మన దేశం ఐదేళ్ళకే ఆగింది.

ప్రశ్న: మేం న్యూజెర్సీ నుంచి పెన్సిల్వేనియాకు మారుతున్నాం. నాకు గ్రీన్‌కార్డు ఉంది. మావారికి పెళ్ళికి ముందు ఒక ఫెలనీ కేసులో శిక్ష పడింది, హింస ఏమీ లేదు, అన్నీ ముగిశాయి. నా కొలీగ్స్‌తో వేట నేర్చుకోవాలని ఉంది. నా పేరు మీద రైఫిల్ కొనుక్కుంటే ఆయనకు ఇబ్బందా?

జవాబు: మీరు కొనుక్కోవచ్చు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఆ హక్కు ఉంది. ఇబ్బంది దాన్ని ఇంట్లో ఎలా పెడతారన్న దాంట్లో ఉంది. ఆయనకు ఆ తుపాకీ తీసుకునే వీలు, ఉద్దేశం ఉన్నాయని చూపించగలిగితే, అది ఎవరి పేరు మీద ఉన్నా ఆయన దగ్గర ఉన్నట్టే కోర్టు లెక్కేస్తుంది. మంచం పక్క బీరువాలో ఉంచి "అది నాది" అంటే సరిపోదు. తాళం గానీ నంబరు గానీ ఆయనకు తెలియని ఇనప పెట్టెలో తుపాకీ ఉండాలి, తూటాలు కూడా అందులోనే. వేట నుంచి తిరిగొచ్చాక కారు డిక్కీ, కోటు జేబులు, బ్యాగు అరలు వెతికి తూటాలు తీసేయండి, మర్నాడు ఆ కారు ఆయన నడుపుతాడు కదా. అన్నిటికంటే మంచిది, వీలైతే రైఫిల్‌ను ఇంట్లోనే పెట్టకుండా మీ కొలీగ్ ఇంట్లోనో, భద్రపరిచే సౌకర్యం ఉన్న దుకాణంలోనో ఉంచడం.

ఆయన మీతో అడవికి రావాలనుకుంటే విల్లు పట్టుకుని, తన లైసెన్స్‌తో, ఆర్చరీ సీజన్‌లో రమ్మనండి. రైఫిల్ సీజన్‌లో ఊరికే తోడు వచ్చినా మీ తుపాకీ మోయకూడదు, చెట్టెక్కేటప్పుడు "ఒక్క నిమిషం పట్టుకో" అని కూడా ఇవ్వకండి. జింకలను మీ వైపు తోలడం కూడా వేట కిందే లెక్క, దానికి లైసెన్స్ కావాలి.

ఆ శిక్ష ఏ కోర్టులో పడిందో కూడా చూసుకోండి. రాష్ట్ర కోర్టులో అయితే ఆ రాష్ట్ర గవర్నరు క్షమాభిక్షకు దారి ఉంది. ఫెడరల్ కోర్టులో అయితే రాష్ట్రం ఏ హక్కు తిరిగిచ్చినా చాలదు, దేశాధ్యక్షుడి క్షమాభిక్ష గానీ పైన చెప్పిన న్యాయశాఖ అర్జీ గానీ కావాలి. ఇల్లు మారే హడావిడిలో పాత తీర్పు కాగితాలు పారేయకుండా ఆయన శిక్ష ఉత్తర్వు నకలు ఒకటి తీసి పెట్టుకోండి, ఏ వకీలయినా మొదట అడిగేది అదే.